చనిపోయిన సైనికుణ్ణి యూదు పద్ధతిలో స్మరించుకోవడం ఎలా?

ఇజ్రాయెల్‌లో యూదు కుటుంబాల ఇళ్లలోనే ఉంటూ, పెద్దవాళ్లను చూసుకునే కేర్‌గివర్ పని చేస్తున్న తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. ఏడాదిలో ఒక సాయంత్రం మనం ఉండే ఇంటి వాతావరణమే మారిపోతుంది. రేడియోలో నెమ్మదైన పాటలు తప్ప ఇంకేమీ రావు. సినిమా హాళ్లు, హోటళ్లు మూసేస్తారు. ఎప్పుడూ బీరువాలో ఉండే ఫొటో బల్ల మీదికి వస్తుంది. అదే యోమ్ హజికరోన్, యుద్ధాల్లో చనిపోయిన సైనికులను, ఉగ్రదాడుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారిని తలచుకునే రోజు. ఆ రోజు ఏం చేయాలో, ఏం అనాలో తెలియక మనలో చాలామంది వంటింట్లోకి తప్పుకుంటారు. అలా తప్పుకోవద్దు. ఏం చేయాలో మొదటి నుంచి చెబుతాను.

అమెరికాలో యూదు స్నేహితులున్నవాళ్లకూ, గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో ఉన్న మన తెలుగు యూదు సముదాయం బెనె ఎఫ్రాయిమ్ వాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చనిపోయినవారి కోసం యూదులు చెప్పే ముఖ్యమైన ప్రార్థన కద్దిష్. దాన్ని ఒక్కరే చెప్పకూడదు. కనీసం పదిమంది ఉండాలి, వాళ్లు మధ్యమధ్యలో గట్టిగా జవాబు చెప్పాలి. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఎంత పెద్ద రబ్బీ (యూదు మతగురువు) అయినా, వినేవాళ్లు లేకపోతే ఆ ప్రార్థన జరగదు. మనం యూదులం కాకపోతే ఆ పదిమంది లెక్కలోకి రాము. అయినా ఆ వేళ పక్కన నిలబడే మనిషికి ఈ సంప్రదాయంలో ఎంత విలువ ఉందో దీన్ని బట్టే తెలుస్తుంది.

పేరు, తేదీ తెలుసుకోండి

"మీ అబ్బాయి", "మీ అన్నయ్య" అనకుండా పేరుతోనే చెప్పడం నేర్చుకోండి. యూదు ప్రార్థనల్లో చనిపోయినవారిని పేరుతో, తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు. మగవాళ్లయితే "ఫలానా బెన్ ఫలానా", ఆడవాళ్లయితే "ఫలానా బత్ ఫలానా". ఉత్తరాఫ్రికా, ఇరాక్, యెమెన్ వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో తల్లి పేరు కలిపి చెప్పే అలవాటు కూడా ఉంది. ఏది వాళ్ల పద్ధతో ఇంట్లోనే అడగండి. కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని నాలుగైదు సార్లు పలికి చూసుకోండి.

అడిగితే బాధపెట్టినట్టు అవుతుందేమో అని మనకు మొహమాటం. నేను చూసినంతవరకు అది నిజం కాదు. 1973 యుద్ధంలో కొడుకు పోయిన తల్లి ఇప్పుడు తొంభైల్లో ఉంటుంది. ఆ అబ్బాయి తోటివాళ్లు కూడా ముసలివాళ్లయిపోయారు, కొందరు వెళ్లిపోయారు. అతని పేరు పలికేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. "సవ్తా (అమ్మమ్మా), అతనికి ఏం తినడం ఇష్టం?" అని మీరొక మాట అడిగితే ఆమె గంటసేపు చెబుతుంది. ఆ గంట వినడం కూడా స్మరణే.

సమాధి ఎక్కడుందో, అతని గురించి ఇంకేం తెలుసో వెతకాలంటే ఇజ్రాయెల్ రక్షణ శాఖ నడిపే యిజ్కోర్ అనే వెబ్‌సైట్ ఉంది. చనిపోయిన ప్రతి సైనికుడికీ అందులో సొంత పేజీ ఉంటుంది. ఫొటో, జీవిత కథ, ఏ శ్మశానంలో ఏ వరసలో సమాధి ఉందో అన్నీ దొరుకుతాయి. రాసింది హీబ్రూలోనే అయినా ఫోన్‌లో అనువాదం పెట్టుకుంటే అర్థమవుతుంది. 1860 నుంచి లెక్కపెట్టే ఆ జాబితాలో ఇప్పుడు 25 వేలకు పైగా పేర్లున్నాయి. వాళ్లలో యూదులే కాదు, ద్రూజ్‌లు, బెడుయిన్లు, సర్కాసియన్లు కూడా ఉన్నారు.

ఇక తేదీ. ప్రతి కుటుంబానికీ రెండు తేదీలుంటాయి.

ఒకటి దేశమంతా పాటించేది. హీబ్రూ నెల ఇయార్ 4వ రోజు, అంటే స్వాతంత్ర్య దినానికి ముందురోజు. 2026లో అది ఏప్రిల్ 20 సాయంత్రం నుంచి 21 సాయంత్రం వరకు, 2027లో మే 10 సాయంత్రం నుంచి 11 సాయంత్రం వరకు. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, ఇది మరచిపోవద్దు. శుక్ర, శనివారాల సబ్బాతుకు, అంటే యూదుల విశ్రాంతి దినానికి, అడ్డం వచ్చేలా ఉంటే తేదీని ఒకటి రెండు రోజులు ముందుకో వెనక్కో జరుపుతారు. కాబట్టి ఏటా క్యాలెండర్ చూసుకోవాల్సిందే.

రెండోది ఆ కుటుంబానికి మాత్రమే చెందిన తేదీ, ఆ మనిషి చనిపోయిన రోజు. మనం తద్దినం తిథి ప్రకారం పెట్టుకున్నట్టే వాళ్లూ హీబ్రూ తేదీ ప్రకారం చూస్తారు కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. ఆ రోజు సమాధి దగ్గరకు వెళ్లడాన్ని అజ్కరా అంటారు. నన్నడిగితే మీరు సెలవు పెట్టుకోకుండా ఇంటివాళ్లతో ఉండాల్సింది ముందు ఈ రోజునే. యోమ్ హజికరోన్‌కు దేశమంతా వాళ్లతో ఉంటుంది. అజ్కరాకు మాత్రం మొదటి ఏళ్లలో వందమంది వస్తారు, తర్వాత తర్వాత చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగులుతారు. పదిమంది కావాలన్న నియమం అప్పుడు నిజంగా సమస్య అవుతుంది. పక్క సమాధి దగ్గరకు వచ్చినవాళ్లను పిలిచి నిలబెట్టుకోవడం కూడా జరుగుతుంటుంది.

శరీరం దొరకని సైనికుల కోసం వేరే రోజు ఉంది, అదార్ నెల 7. మోషే చనిపోయిన రోజుగా సంప్రదాయం చెప్పే తేదీ అది. అతని సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదని ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయంలో ఉంది కదా, అందుకే ఆ తేదీని ఎంచుకున్నారు. 1968 జనవరిలో 69 మంది సిబ్బందితో మునిగిపోయిన దకార్ జలాంతర్గామి శిథిలాలు 1999లో గానీ కనిపించలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఇళ్లవాళ్లు ఎక్కడికి వెళ్లి రాయి పెట్టాలో తెలియకుండానే గడిపారు. జెరూసలేంలో హెర్జల్ కొండ మీద ఇలాంటివాళ్ల కోసం ఒక తోట ఉంది, అక్కడ పేర్లే సమాధులు.

దీపం పెట్టండి

సూర్యాస్తమయానికి కాస్త ముందు నేర్ నెషామా వెలిగించాలి. గాజు గ్లాసులోనో రేకు డబ్బాలోనో వచ్చే తెల్లటి మైనం దీపం ఇది. ఏ సూపర్ మార్కెట్‌లోనైనా చవకగా దొరుకుతుంది, రాత్రీ పగలూ కలిపి ఒక రోజు పైనే వెలుగుతుంది. మనిషి ఆత్మ దేవుడు పెట్టిన దీపమని సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఉన్న మాట దీని వెనక ఉంది.

వెలిగించేటప్పుడు తప్పనిసరి మంత్రం ఏమీ లేదు. పేరు చెప్పి, కాసేపు నిలబడితే చాలు. ఇంటివాళ్లు వెలిగిస్తుంటే అగ్గిపెట్టె అందించి పక్కన ఉండండి. పెద్దావిడ చేతులు వణుకుతుంటే ఆమె చేతిని పట్టుకోండి, వెలిగించడం మాత్రం ఆమెనే చేయనివ్వండి. ఊది ఆర్పకూడదు, దానంతటదే కొండెక్కాలి. కర్టెన్లకు దూరంగా, స్టీల్ పళ్లెంలో పెట్టండి. ఆక్సిజన్ సిలిండర్ ఉన్న గదిలో అయితే అసలు పెట్టవద్దు, బ్యాటరీ దీపం వాడమని ఇంటివాళ్లకు ముందే చెప్పండి. అజ్కరా శనివారం పడితే శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలకు ముందే ఇది వెలిగిపోవాలి. సబ్బాతు మొదలయ్యాక నిప్పు వెలిగించరు.

సైరన్ మోగినప్పుడు

రెండుసార్లు మోగుతుంది. ముందురోజు రాత్రి 8 గంటలకు ఒక నిమిషం, మర్నాడు ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలు. ఇది ఎత్తుపల్లాలు లేకుండా ఒకే స్థాయిలో మోగుతుంది. రాకెట్ దాడి హెచ్చరిక అయితే పైకీ కిందికీ ఊగుతూ వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఈ తేడా తెలుసుకోకపోతే టెన్షన్‌తో షెల్టర్ వైపు పరిగెత్తుతారు. దానికి వారం ముందు వచ్చే హోలోకాస్ట్ స్మారక దినం నాడు కూడా ఉదయం 10కి ఇలాంటి సైరనే మోగుతుంది.

మోగగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే నిలబడాలి. చేతిలో సంచి ఉంటే కింద పెట్టండి. ఫోన్ మాట్లాడుతుంటే పెట్టేయండి. హైవే మీద కార్లు ఆపి, తలుపు తీసుకుని, దిగి నిలబడతారు. బస్సు డ్రైవర్ బస్సు ఆపి లేస్తాడు. తల కొంచెం వంచి, చేతులు పక్కన ఉంచితే చాలు. చేతులు జోడించి నమస్కారం పెట్టుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆ రెండు నిమిషాల్లో వీడియో మాత్రం తీయవద్దు. మీరు చూసుకునే మనిషి వీల్‌చైర్‌లో ఉండి లేస్తానంటే సైరన్‌కు ముందే బ్రేక్ వేసి ఉంచండి, రెండు నిమిషాలు నిలబడటం ఆ వయసులో చిన్న విషయం కాదు. లేవలేకపోతే కూర్చునే ఉండొచ్చు.

సమాధి దగ్గర

పొద్దున్నే బయల్దేరాలి. సైనిక శ్మశానాల చుట్టుపక్కల దారులు మూసేస్తారు, ప్రత్యేక బస్సులు నడుపుతారు. నీళ్లు, టోపీ, మందులు, మడత కుర్చీ, ఒక మెత్తటి గుడ్డ పట్టుకెళ్లండి. మగవాళ్లు తల మీద కిప్పా (యూదులు పెట్టుకునే చిన్న గుండ్రటి టోపీ) గానీ మామూలు టోపీ గానీ పెట్టుకోవాలి. ఆడవాళ్లు భుజాలు కప్పే బట్టలు వేసుకుంటే మంచిది. చొక్కాకు ఎర్రటి చిన్న పువ్వు బొమ్మతో "యిజ్కోర్" అని రాసిన స్టిక్కర్ ఎవరైనా ఇస్తే అంటించుకోండి. ఆ పువ్వును దమ్ హమకబీమ్ అంటారు, పూర్వకాలపు యూదు యోధులైన మక్కబీ వీరుల రక్తం పడిన చోట మొలుస్తుందని చెప్పుకునే అడవిపువ్వు అది.

సైనిక సమాధులన్నీ ఒకేలా ఉంటాయి. జనరల్‌కైనా, నిన్న గాక మొన్న చేరిన కుర్రాడికైనా అదే రాయి, అదే కొలత. తల వైపు దిండులా వాలుగా పెట్టిన రాయి మీద పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన దేశం, చనిపోయిన తేదీ, వయసు చెక్కి ఉంటాయి. ఆ వయసులు చదువుతూ వరస వెంట నడవండి. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. చివర్లో కనిపించే హీబ్రూ అక్షరాలకు "అతని ప్రాణం జీవుల మూటలో కట్టబడి ఉండుగాక" అని అర్థం. అబీగయీలు దావీదుతో అన్న మాట అది, సమూయేలు మొదటి గ్రంథంలోది.

నేను చూసుకునే సవ్తా ప్రతి ఏడూ చేసే పని ఒకటి చెబుతాను. ఫొటోల్లో కనిపించే వేడుక ఏదీ నాకు దీనంత చెప్పలేదు. సీసాలోని నీళ్లు రాయి మీద పోస్తుంది. గుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తుంది. అక్షరాల గుంటల్లో దుమ్ము పేరుకుంటే గుడ్డ కొనను వేలికి చుట్టి ఒక్కో అక్షరం లోపలా తిప్పుతుంది. కిందటేడు దీపం నుంచి కారి గట్టిపడ్డ మైనాన్ని ఇంటి తాళంచెవితో గీకి తీస్తుంది. అంతా అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, సంచిలోంచి ద్రాక్షపళ్లు తీసి నా చేతిలో పెట్టి, గేటు బయటికి వెళ్లాక తినమంటుంది, ఎందుకంటే సమాధుల దగ్గర తినరు. మీరు ఆ తుడిచే పని చేతుల్లోంచి లాక్కోవద్దు. నీళ్లు పట్టుకుని నిలబడండి, అడిగితే సాయం చేయండి.

తర్వాత చిన్న రాయి ఒకటి ఏరి సమాధి మీద పెట్టండి. పక్క సమాధి మీది రాయి తీయకూడదు, దారిలోది తీసుకోండి. ఎవరో వచ్చి వెళ్లారని అది చెబుతుంది. పూలు యూదు శ్మశానాల్లో పాత అలవాటు కాదు గానీ, సైనిక సమాధుల మీద ఇప్పుడు అందరూ పెడుతున్నారు, మీరూ పెట్టొచ్చు. అగరొత్తులు, కుంకుమ, ప్రసాదం, కొబ్బరికాయ వద్దు. మనలో క్రైస్తవులు కూడా చాలామంది ఉన్నాం. సిలువ గుర్తు వేయడం, యేసు నామంలో అని పైకి ప్రార్థించడం అక్కడ చేయవద్దు. మీ ప్రార్థన మనసులో చేసుకోండి. సమాధుల మీద కాలు పడకుండా నడవండి. సెల్ఫీలు, లైవ్‌లు అస్సలు వద్దు.

ఇంటివాళ్లలో ఎవరైనా గేటు బయటే ఆగిపోతే కంగారు పడకండి. కోహెన్ వంశం, అంటే అహరోను సంతతి యాజకులు, దగ్గరి బంధువుల అంత్యక్రియలకు తప్ప శ్మశానంలో అడుగుపెట్టరు. బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర కుళాయి, రెండు పిడుల చెంబు ఉంటాయి. కుడి చేయి, ఎడమ చేయి మార్చి మార్చి మూడేసి సార్లు నీళ్లు పోసుకోండి.

ప్రార్థనలు

యోమ్ హజికరోన్ నాడు శ్మశానంలో మూడు వినిపిస్తాయి.

యిజ్కోర్ మొదటిది. "గుర్తుంచుకొనుగాక" అని మొదలయ్యే చిన్న పాఠం. 1096లో క్రూసేడ్లకు, అంటే క్రైస్తవ మతయుద్ధాలకు, బయల్దేరిన గుంపులు రైన్ నది ఊళ్లలో యూదులను ఊచకోత కోశాక, చనిపోయినవాళ్ల పేర్లు రాసుకుని సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) చదవడం నుంచి ఈ ఆచారం పెరిగింది. సైనికుల కోసం చదివే పాఠం వేరు. 1920లో ఉత్తరాన తెల్ హై అనే ఊరి పోరాటంలో చనిపోయిన ఎనిమిదిమంది కోసం కార్మిక నాయకుడు బెర్ల్ కట్స్‌నెల్సన్ రాసిన మాటలు దానికి మూలం. ఆయన "ఇజ్రాయెల్ ప్రజలు గుర్తుంచుకొందురుగాక" అని మొదలుపెట్టాడు. మతనిష్ఠ ఉన్నవాళ్లు "దేవుడు గుర్తుంచుకొనుగాక" అంటారు. ఏది చదవాలన్న వాదన ఇప్పటికీ ఉంది. మీరు ఆ చర్చలోకి వెళ్లవద్దు, మీ ఇంటివాళ్లు ఏది చెబితే దానికే నిలబడండి. సినగాగులో అయితే ఏడాదిలో నాలుగు పండుగలకు యిజ్కోర్ ఉంటుంది: యోమ్ కిప్పూర్, షెమినీ అత్సెరెత్, పస్కా చివరి రోజు, షవువోత్. తల్లిదండ్రులు బతికున్నవాళ్లు ఆ సమయంలో లేచి బయటికి వెళ్లడం చాలాచోట్ల ఆచారం.

ఎల్ మలే రహమీమ్ రెండోది. "కరుణతో నిండిన దేవా" అని అర్థం. సైన్యంలోని గాయకుడు గొంతెత్తి పాడతాడు. భాష రాకపోయినా ఇది మనసును పట్టేస్తుంది. మధ్యలో పేర్లు వస్తాయి, అందుకే ముందే నేర్చుకోమన్నాను. మీకు తెలిసిన పేరు వచ్చినప్పుడు తలెత్తి ఆ తల్లి వైపు చూడండి. దైవసన్నిధి రెక్కల కింద ఆ ఆత్మకు విశ్రాంతి దొరకాలని అడిగి, చివర్లో అందరూ ఆమేన్ అంటారు.

మూడోది కద్దిష్. తండ్రో, కొడుకో, అన్నదమ్ముడో చెబుతారు. హీబ్రూలో కాదు, చాలావరకు అరామిక్ అనే పాత భాషలో ఉంటుంది. మొదటిసారి అర్థం తెలుసుకున్నవాళ్లంతా ఆశ్చర్యపోతారు. ఇందులో చావు అన్న మాటే లేదు. చనిపోయినవారి పేరూ లేదు. మొదటి నుంచి చివరిదాకా దేవుని నామం గొప్పదవుగాక అన్న స్తుతే. కొడుకును మట్టిలో పెట్టిన చోటే నిలబడి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆలోచించండి. కొందరు రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు కలిసి జవాబు అందుకుంటారు:

"ఆమేన్. యెహే షెమే రబ్బా మెవారఖ్ లెఆలమ్ ఉలెఆల్మే ఆల్మయ్యా."

ఆయన గొప్ప నామం ఎల్లకాలం, యుగయుగాలు స్తుతి పొందుగాక అని దీని అర్థం. ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి. మొత్తం కంఠతా రాకపోతే "ఆమేన్" అన్న మాట అయినా మిగతావాళ్లతో కలిపి అనండి. కద్దిష్ సాగుతున్నంతసేపూ లేచే ఉండాలి. మధ్యలో నడవకూడదు. చివరి వాక్యం శాంతి కోసం. "తన ఎత్తుల్లో శాంతి నిలిపేవాడు మాకూ శాంతి ఇచ్చుగాక" అంటూ మూడడుగులు వెనక్కి వేస్తారు.

ఇంట్లో మీరు ఒక్కరే ఉంటే? మీరు యూదులైనా కాకపోయినా కీర్తనలు చదవొచ్చు, వాటికి పదిమంది అక్కర్లేదు. 23వ కీర్తన, 121వ కీర్తన ఎక్కువగా చదువుతారు. సైనికుల కోసమైతే నేను రెండో సమూయేలు మొదటి అధ్యాయమే ఎంచుకుంటాను. గిల్బోవ కొండ మీద యుద్ధంలో చనిపోయిన రాజు సౌలు కోసం, అతని కొడుకు యోనాతాను కోసం దావీదు పాడిన ప్రలాపం అది. తనను చంపడానికి ఏళ్ల తరబడి వెంటాడిన సౌలును కూడా దావీదు పేరుపెట్టి పిలిచి ఏడుస్తాడు, ఒక్క చెడ్డ మాట అనడు. ఆ కొండ మీద మంచు గానీ వాన గానీ కురవకూడదంటాడు. దానికి ముందు అధ్యాయంలో యాబేష్గిలాదు మనుషులు రాత్రంతా నడిచి వెళ్లి, శత్రువు గోడకు వేలాడదీసిన సౌలు దేహాన్నీ అతని కొడుకుల దేహాలనూ దింపి తీసుకొచ్చి, ఎముకలను పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉంటారు. పడిపోయిన సైనికుడి దేహాన్ని ఎంత ఖర్చయినా వెనక్కి తేవాలన్న పట్టుదల యూదుల్లో ఎంత పాతదో అక్కడ కనిపిస్తుంది.

తెలుగు బైబిల్లోంచి వాళ్ల ముందు పైకి చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మన అనువాదంలో ఉన్న "యెహోవా" అన్న పేరును యూదులు పలకరు. అది వచ్చిన చోట "ప్రభువు" అని చదవండి.

షివా జరుగుతున్న ఇంటికి వెళ్తే

2023 అక్టోబర్ 7 హమాస్ దాడి తర్వాత మనలో చాలామందికి ఇది అనుభవమైంది. మనం చూసుకునే ఇంట్లోనో, ఎదురింట్లోనో కొత్తగా ఒక కుర్రాడు పోయి ఉంటాడు. అంత్యక్రియల తర్వాత ఏడు రోజులు ఇంటివాళ్లు ఎక్కడికీ కదలకుండా, చిన్న పీటల మీద కూర్చుంటారు, దాన్నే షివా అంటారు. అద్దాలు కప్పేస్తారు. చొక్కా మెడ దగ్గర చింపుకుని ఉంటారు. తలుపు తెరిచే ఉంటుంది, బెల్ కొట్టకుండా లోపలికి వెళ్లండి.

వెళ్లి కూర్చోండి. మాట్లాడకండి. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా వచ్చినవాళ్లు మాట మొదలుపెట్టకూడదన్నది నియమం. బైబిల్లో కష్టాల్లో ఉన్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద ఊరికే కూర్చున్నారు కదా, ఆచారం అక్కడి నుంచి వచ్చింది. మనకు అలవాటైన మాటలున్నాయి: "అంతా దేవుడి ఇష్టం", "మంచి లోకానికి వెళ్లాడు", "రాత అలా ఉంది", "మీరు ధైర్యంగా ఉండాలి". ఒక్కటి కూడా అనవద్దు. "దేశం కోసం చనిపోయాడు, గర్వపడాలి" అని కూడా మనం చెప్పకూడదు. తల్లి తనంతట తాను అంటే తల ఊపండి.

లేచి వచ్చేటప్పుడు యూదులు చెప్పే మాట ఇది: "హమకోమ్ యెనహేమ్ ఎత్ఖెమ్ బెతోఖ్ షెఆర్ అవెలే త్సియోన్ విరుషలయిమ్." సీయోను కోసం, జెరూసలేం కోసం దుఃఖించే అందరితో పాటు మిమ్మల్నీ దేవుడు ఓదార్చుగాక అని అర్థం. అది నోరు తిరగకపోతే మగవాళ్లు "అని మిష్తతెఫ్ బెత్సఅర్ఖెమ్" అనొచ్చు, ఆడవాళ్లు "మిష్తతెఫెత్" అనాలి. మీ దుఃఖంలో నేనూ ఉన్నానని అర్థం. ఏదైనా పట్టుకెళ్లాలనిపిస్తే మన ఇంట్లో వండింది వద్దు, వాళ్లు కషేర్ అనే యూదు ఆహార నియమాలు పాటిస్తుంటే తినలేరు. పళ్లు గానీ కషేర్ ముద్ర ఉన్న ప్యాకెట్ గానీ తీసుకెళ్లండి. అన్నిటికన్నా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడగడం మేలు.

2014లో అమెరికాలోని టెక్సస్ నుంచి వచ్చి సైన్యంలో చేరిన ఒక కుర్రాడు గాజాలో చనిపోయాడు. దగ్గరివాళ్లు తక్కువ, అంత్యక్రియలకు జనం రారేమో అని అతను అభిమానించిన మక్కబీ హైఫా ఫుట్‌బాల్ జట్టు అభిమానులు అందరినీ రమ్మని పిలుపునిచ్చారు. హైఫాలో దాదాపు 20 వేలమంది వచ్చారు. వాళ్లలో అతన్ని ఎరిగినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు?

పేరు మీద ఒక మంచి పని

స్మరణ ప్రార్థనతో ఆగదు. త్సెదాకా, అంటే దానం, చనిపోయినవారి పేరు మీద చేస్తారు. 18 షెకెళ్లు, 36 షెకెళ్లు ఇలా 18 లెక్కన ఇవ్వడం ఆనవాయితీ, ఎందుకంటే "జీవం" అన్న హీబ్రూ మాటలోని అక్షరాల విలువ 18. సైనికుల తల్లిదండ్రుల సంఘం యద్ లబానీమ్‌కు చాలా ఊళ్లలో భవనాలున్నాయి, అక్కడ ఇవ్వొచ్చు. ఎంత ఇచ్చారన్నది ముఖ్యం కాదు, ఎవరి పేరు మీద ఇచ్చారో చెప్పాలి. కొన్ని ఇళ్లలో తోరా, మిష్నా అనే యూదు ధర్మగ్రంథాలు చదివే కూటమి పెడతారు. అమెరికాలో ఆపరేషన్ బెంజమిన్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. విదేశాల్లోని అమెరికన్ సైనిక శ్మశానాల్లో పొరపాటున సిలువ కింద ఉన్న యూదు సైనికులను వెతికి పట్టుకుని, ఆ సమాధుల మీద యూదుల గుర్తు అయిన దావీదు నక్షత్రం పెట్టిస్తోంది. దశాబ్దాల తర్వాత అయినా మనిషిని అతనిగానే గుర్తించడం గొప్ప పని అని నా నమ్మకం.

చీకటి పడ్డాక

యోమ్ హజికరోన్ ముగిసిన నిమిషం నుంచే స్వాతంత్ర్య దినం మొదలవుతుంది. హెర్జల్ కొండ మీద దివిటీలు వెలిగిస్తారు, వీధుల్లో టపాకాయలు, డాన్సులు. వీళ్లు కావాలనే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టారు. మీ ఇంట్లో మాత్రం ఆ మలుపు అంత తొందరగా రాకపోవచ్చు. కొందరు కిటికీ మూసి పడుకుంటారు, కొందరు మనవలతో బాల్కనీలోకి వెళ్తారు. "హగ్ సమేయఖ్", అంటే పండుగ శుభాకాంక్షలు, ఇంటివాళ్లు అన్నాకే మీరు అనండి. స్మారక దినం పగటిపూట ఆ మాట అసలు రాకూడదు. టపాకాయల చప్పుడు పాత సైనికులకు, యుద్ధం చూసిన పెద్దవాళ్లకు భయం పుట్టిస్తుంది, ఆ రాత్రి వాళ్ల గదిలోనే ఉండండి.

హైఫాలో మనవాళ్ల సమాధులు

ఇజ్రాయెల్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో పని కూడా ఉంది. 1918 సెప్టెంబర్ 23న హైఫాను ఒట్టోమన్ సైన్యం నుంచి గెలిచింది భారతీయ అశ్విక దళం. జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు గుర్రాల మీద బల్లేలతో మెషీన్‌గన్ల మీదికి వెళ్లారు. ముందు నడిచిన మేజర్ దల్పత్ సింగ్ షెఖావత్ అక్కడే చనిపోయాడు. ఆ బ్రిగేడ్‌లో మూడో దళం హైదరాబాద్ నిజాం పంపిన లాన్సర్లది. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఫస్ట్ లాన్సర్ బస్తీ పేరు కూడా నిజాం లాన్సర్ల నుంచే వచ్చింది.

హైఫాలో భారతీయ సైనికుల శ్మశానం ఉంది, కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకుంటోంది. ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో శ్మశానం పేరు కొట్టి చనిపోయినవాళ్ల పేర్లు చూసుకోవచ్చు. వాళ్లు హిందువులు, ముస్లింలు, సిక్కులు కాబట్టి కద్దిష్ చెప్పనక్కర్లేదు. యూదు పద్ధతిలోంచి తీసుకోదగ్గది ఒకటుంది: పేర్లు ఒక్కొక్కటిగా, ఏదీ వదలకుండా పైకి చదవడం, రాయి పెట్టడం. మీరు చూసుకునే కుటుంబాన్ని కూడా రమ్మనండి, వాళ్లలో చాలామందికి ఈ కథ తెలియదు. సెప్టెంబర్‌లో భారత రాయబార కార్యాలయం అక్కడ కార్యక్రమం జరుపుతుంది, యూదుల పెద్ద పండుగలు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి కాబట్టి తేదీ ముందే ఫోన్ చేసి కనుక్కోండి, సెలవు ఆగస్టులోనే అడిగి పెట్టుకోండి.